గాజు వెనక సైన్యం, గల్లీలో సైన్యం

పాతబస్తీ వస్తు చరిత్ర – 14

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న ఆయన కన్నుమూసేనాటికి దివాన్ దేవ్‌డీ గదుల్లో కత్తులూ కటార్లూ, పింగాణీ గిన్నెలూ, తివాచీలూ, టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలూ కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య ఆటబొమ్మలు కూడా ఉన్నాయి. సీసంతో పోతపోసి రంగులద్దిన సైనికులు, బొమ్మ రైలు, పింగాణీ పాపలు, జంతువులు. పిల్లలు లేని ఇంట్లో ఇవన్నీ ఎందుకని అడగబుద్ధేస్తుంది. 1912 నుంచి 1914 దాకా ఏడో నిజాంకు దివానుగా పనిచేసి, ఆ పదవి నుంచి తప్పుకున్నాక మిగిలిన జీవితమంతా వస్తువులు పోగెయ్యడంలోనే గడిపిన మనిషి ఆయన. ప్రపంచంలో చేతిపని ఎన్ని రకాలుందో అన్ని రకాలూ తన ఇంట్లో ఉండాలనుకున్నవాడు బొమ్మల్ని మాత్రం ఎందుకు వదిలేస్తాడు?

పోయిన వారం లాడ్ బజార్ లక్క గాజుల దగ్గర ఆగాం. గాజులు తొడిగే చేతుల పక్కన చిన్న చేతులు కూడా ఉంటాయి కదా, వాటి సంగతేమిటని ఈ వారం బొమ్మల వైపు తిరిగాను. తిరగ్గానే ఒక చిక్కు ఎదురైంది. పాతబస్తీలో భద్రంగా నిలిచిన బొమ్మలు ఎవరూ ఆడనివి. వేలమంది పిల్లలు ఆడిన బొమ్మలేమో ఆటలోనే అరిగి, విరిగి, కబాడీవాడి తక్కెడలోకి పోయాయి. ఎంత ఆడితే అంత త్వరగా మాయమయ్యే వస్తువుకు చరిత్ర రాయడం ఎట్లా?

ముందు నిలిచిన వాటి సంగతి చూద్దాం. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్‌డీలోనే సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో సామానంతా మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి తరలింది. దేవ్‌డీ ఉన్న చోట ఇవాళ బట్టల హోల్‌సేల్ దుకాణాలు. బొమ్మలకు మ్యూజియంలో పిల్లల విభాగమని ప్రత్యేకంగా ఒక చోటు దొరికింది. సెలవు రోజున అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లలు అక్కడి గాజుకు ముక్కు ఆనించి నిలబడతారు. అవతల సైన్యం బారులు తీరి ఉంటుంది. ఒక్కణ్ణైనా చేతిలోకి తీసుకునే వీలు లేదు.

నన్నడిగితే మ్యూజియం మొత్తంలో పిల్లలకు బాగా నచ్చే బొమ్మ పిల్లల విభాగంలో లేదు, గడియారంలో ఉంది. కుక్ అండ్ కెల్వీ వారి ఆ సంగీత గడియారంలో ఒక కమ్మరి క్షణక్షణానికీ సుత్తి వేస్తుంటాడు. గంట కొట్టే సమయం దగ్గర పడగానే గడ్డపాయన ఒకడు తలుపు తీసుకుని బయటికొచ్చి, కొట్టాల్సినన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు గంటలకు చూడాలి అక్కడి జనాన్ని. మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర పెద్దలు ఎంతసేపు నిలబడినా, పిల్లలు ఇంటికెళ్లి చెప్పేది ఈ గడ్డపాయన గురించే. కదిలే బొమ్మకూ కదలని బొమ్మకూ ఉన్న తేడా అది. శిల్పి బెంజోని పాలరాతిలో ముసుగు పల్చదనాన్ని చెక్కాడు, గొప్పే. కానీ చెయ్యెత్తి కొట్టేవాడి ముందు ఆ గొప్ప ఏ ఎనిమిదేళ్ల పిల్లవాడికి కనిపిస్తుంది!

ఆ సీసపు సైనికులది పెద్ద వంశమే. జర్మనీలో నూరెంబర్గ్ చుట్టుపక్కల తగరంతో పల్చటి సైనికుల్ని పోసేవారు. సీసంతో లోపల గుల్లగా పోతపోసే పద్ధతిని 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ పట్టుకుంది. అచ్చులో కరిగిన లోహం పోసి, పైపొర గట్టిపడగానే లోపలిది వంపేస్తే బొమ్మ తేలికవుతుంది, ధర తగ్గుతుంది. ఆ కంపెనీ బ్రిటిష్ సామ్రాజ్యంలోని ఎన్నో రెజిమెంట్లను వరసపెట్టి బొమ్మలు చేసింది. మద్రాసు పదాతిదళమూ, బెంగాల్ ఆశ్విక దళమూ తలపాగాలతో సహా లండన్ పిల్లల అట్టపెట్టెల్లోకి చేరాయి. మన ఊళ్ల నుంచి సైన్యంలో చేరిన మనుషులు అక్కడ మేజాల మీద రెండంగుళాల ఎత్తున కవాతు చేశారన్నమాట. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో యుద్ధమాడే నియమాలన్నీ కూర్చి ‘లిటిల్ వార్స్’ అని పుస్తకమే రాశాడు. మరుసటి ఏడు అసలు యుద్ధం వచ్చింది. సీసం విషమని తేలి భద్రతా నియమాలు బిగిశాక 1966లో బ్రిటన్ కంపెనీ సీసపు బొమ్మలు ఆపేసింది.

మ్యూజియం గోడ దాటి బయటికి వస్తే వేరే లోకం.

చార్మినార్ చుట్టూ రంజాన్ రాత్రుల్లో బండ్ల మీద వెలిసే బొమ్మలకు ఏ జాబితా లేదు. నొక్కితే టిక్కుటిక్కుమనే రేకు కప్ప. కర్ర పట్టుకుని తోస్తే రెక్కలాడించే పక్షి. నీళ్ల తొట్టిలో చిన్న వత్తి వెలిగించి వదిలితే పుటపుటమంటూ తిరిగే రేకు పడవ. ఈ పడవకు మాత్రం పుట్టుక తెలుసు. 1891లో థామస్ పియో అనే ఆయన ఇంగ్లండులో దానికి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న బాయిలరు, రెండు గొట్టాలు, అంతే. వేడికి ఆవిరి నీటిని వెనక్కి తోస్తుంది, చల్లబడి మళ్లీ నీటిని లాగుతుంది. ఆవిరియంత్రం సూత్రాన్ని బళ్లో చెప్పకముందే గుల్జార్ హౌజ్ దగ్గర కొన్న పడవ చెప్పేసింది. అయితే ఎంతమంది వేళ్లు కాల్చుకున్నారో ఆ లెక్క వేరే.

తెలుగు ఇళ్లలో కొయ్యబొమ్మల వాడుక ఉంది. నిర్మల్ నుంచి పొనికి కర్రతో చేసిన పక్షులు, పండ్లు, జంతువులు వచ్చేవి. ముక్కలు అతికే చోట సందుల్లో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి పూసి, ఎండాక రంగు వేస్తారు. కొండపల్లి నుంచి దశావతారాలు, అంబారీ ఏనుగు. ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర లక్కబొమ్మలు. శాలిబండ, గౌలిపురా వైపు సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టే ఇళ్లలో ఇవి మెట్ల మీద కొలువుదీరేవి. పండుగ పోగానే పాత చీర ముక్కల్లో చుట్టి అటకెక్కించేవారు. తాకనివ్వని విషయంలో అమ్మమ్మలు సాలార్‌జంగ్ వారికి ఏమీ తీసిపోలేదు. అందుకే కొండపల్లి ఏనుగులు మూడు తరాలు బతికాయి.

కొలువు చివరి మెట్టు మాత్రం పిల్లలది. అక్కడ పార్కు, ఇసుక, అద్దం ముక్కతో చెరువు, ప్లాస్టిక్ ఆవు, బస్సు. 1980ల చివరికొచ్చేసరికి ఆ మెట్టు మీద కండలు తిరిగిన, జుట్టు పచ్చగా ఉన్న, లంగోటీ కట్టిన ఒక కొత్త వీరుడు కనిపించడం మొదలైంది.

హీ-మ్యాన్ కథ అమెరికాలో ఒక పొరపాటుతో మొదలైంది. 1976లో స్టార్ వార్స్ సినిమా బొమ్మలు చేసే హక్కు ఇస్తామంటే మాటెల్ కంపెనీ వద్దంది. కెన్నర్ అనే కంపెనీ ఆ హక్కు తీసుకుని, మూడు ముప్పావు అంగుళాల బొమ్మలతో సంతను దున్నేసింది. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి మాటెల్ సొంతంగా ఒక వీరుణ్ణి తయారు చేసుకుని 1982లో అంగట్లోకి దింపింది. ఐదున్నర అంగుళాల ఎత్తు, నడుములో స్ప్రింగు. నడుము తిప్పి వదిలితే చెయ్యి తిరిగొచ్చి గుద్దుతుంది. 1983లో ఆ బొమ్మకు టీవీలో కార్టూన్ వచ్చింది. ముందు బొమ్మ, తరవాత కథ. పిల్లల కార్యక్రమాల మీద ఉన్న ఆంక్షలు అమెరికాలో సడలుతున్న కాలం అది. అరగంట కార్టూన్ అంటే అరగంట ప్రకటనేనని అప్పట్లోనే అక్కడివాళ్లు మండిపడ్డారు.

ఆ కార్టూన్ దూరదర్శన్‌లోకి వచ్చేసరికి పరిస్థితి తలకిందులు. ఇక్కడ ప్రకటన చేరింది గానీ సరుకు చేరలేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. రంగుల ప్రసారాలు 1982 ఆసియా క్రీడలతో వచ్చాయి. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం, 1988 అక్టోబర్ 2 నుంచి మహాభారతం. అప్పుడు గల్లీల్లో వెదురు విల్లూ చీపురుపుల్ల బాణమూ లేని పిల్లవాడు లేడు. ఆ ఆయుధాలకు లైసెన్సు అక్కర్లేదు, ఇంట్లో చీపురు ఉంటే చాలు. హనుమంతుడి గదలూ భీముడి గదలూ అట్టముక్కలతో లేచాయి. హీ-మ్యాన్ కత్తికీ ఒక అట్టముక్క సరిపోయింది. కానీ హీ-మ్యాన్‌కు ఒక రూపం ఉంది, చేతిలో పట్టుకునే బొమ్మ రూపం, దాన్ని చూసినవాడికి అట్టకత్తి ఆనదు. మన సినిమా ఆ దారి పట్టలేదు. 1980లో ఎన్‌టీఆర్ సూపర్‌మేన్ వేషం కట్టారు. పిల్లలు చూశారు, తువ్వాలు మెడకు కట్టుకుని అరుగు మీంచి దూకారు. ఎన్‌టీఆర్ బొమ్మకు నడుములో స్ప్రింగు పెట్టి అమ్మాలని ఏ నిర్మాతకూ తట్టినట్టు లేదు. తట్టి ఉంటే కొండపల్లి, నిర్మల్ పక్కన మనకింకో పేరుండేది.

విదేశీ బొమ్మ అంగడికి రావడం అప్పట్లో అంత తేలిక కాదు. వినియోగ వస్తువుల దిగుమతి మీద ప్రభుత్వం తాళం వేసి ఉంచింది. ఆ తాళానికి మూడు దొడ్డిదారులుండేవి.

మొదటిది గల్ఫ్. 1973 తరవాత చమురు ధర పెరిగి, అరబ్ దేశాల్లో పనులు మొదలయ్యాక పాతబస్తీ నుంచి వేలమంది జెద్దా, రియాద్, దుబాయ్, కువైట్ దారి పట్టారు. బార్కస్ వాళ్లకైతే అది తాతల దేశం వైపు దారి, అక్కడున్నది నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల సంతతే కదా. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే నాన్న పెట్టెలో సెంటు సీసా, టేప్‌రికార్డర్, బట్టల మడతల మధ్య బొమ్మ. ఆ బొమ్మ వచ్చిన ఇంటి ముందు సాయంత్రానికి గల్లీ గల్లీ అంతా చేరేది. సొంతదారుడు దాన్ని ఎవరికి ఎంతసేపు ఇవ్వాలో నిర్ణయించే నవాబు. నాన్న ఇంట్లో లేని రెండేళ్లకు బదులుగా వచ్చిన వస్తువని ఆ వయసులో వాడికీ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు.

రెండోది బేగంబజార్. రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ బేగం హమ్దా బేగం వ్యాపారులకిచ్చిన నేల మీద లేచిన బజారు అది. మూసీకి అవతలి ఒడ్డైనా పాతబస్తీ దుకాణాలకు సరుకు అక్కణ్ణుంచే. గిన్నెలు, దండలు, ఎండు ఫలాలతో పాటు బొమ్మల హోల్‌సేల్ కూడా అక్కడే. అసలు కంపెనీ బొమ్మను చూసి పోసిన నకళ్లు డజన్ల లెక్కన దొరికేవి. మొహం ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది. మోచెయ్యి వంగదు, మెడ తిరగదు, రంగు పెదవి మీద ఉండాల్సింది గడ్డం మీద ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టకట్టి అమ్మే ఆకుపచ్చ సైనికులు కూడా ఈ కోవలోవే. వీటిని నకళ్లని తీసిపారేయడం నాకిష్టం లేదు. పాతబస్తీలో ఎక్కువమంది పిల్లల చేతుల్లో నలిగినవి ఇవే. చరిత్ర లెక్క ప్రకారం అసలు బొమ్మలు ఇవే అనాలి.

మూడోదాని గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడే కథ విచిత్రంగా మారుతుంది. విదేశీ కంపెనీ అచ్చులు తెచ్చుకుని ఇక్కడే పోయడం ఆ దారి. బొంబాయిలో వీఐపీ సూట్‌కేసులు చేసే బ్లో ప్లాస్ట్ వాళ్లు లియో పేరుతో బొమ్మలూ చేసేవాళ్లు. మాటెల్‌తో చేతులు కలిపి లియో మాటెల్ అయ్యి హీ-మ్యాన్‌నూ, బార్బీనీ, హాట్ వీల్స్ కార్లనూ మన దేశంలో తయారు చేశారు. గల్ఫ్ నుంచి బొమ్మను మోసుకొచ్చే పెట్టె తరహా సరుకు చేసినవాళ్లే ఆ బొమ్మనూ పోశారన్నమాట. మద్రాసులో టైర్ల కంపెనీ ఎంఆర్‌ఎఫ్, అమెరికా కంపెనీ హాస్‌బ్రోతో కలిసి 1987లో ఫన్‌స్కూల్ పెట్టింది. గోవాలో ఫ్యాక్టరీ. అక్కణ్ణుంచి వచ్చిందే జీఐ జో.

హాస్‌బ్రో 1964లో పన్నెండంగుళాల సైనికుడిగా దాన్ని మొదలుపెట్టింది. 1982లో మూడు ముప్పావు అంగుళాలకు కుదించి, ఒక్కొక్కడికి ఒక పేరు, ఒక పని, అట్ట వెనక ఒక జీవితచరిత్ర ఇచ్చి మళ్లీ దింపింది. ఫన్‌స్కూల్ పోసింది ఈ చిన్నవాణ్ణే. చేతి వేలంత వీరుడు, మెడా భుజాలూ మోచేతులూ నడుమూ మోకాళ్లూ అన్నీ కదులుతాయి. ఆ కదలిక రహస్యం కడుపులో ఉంది. ఛాతీ రెండు చిప్పలుగా ఉండి వీపు మీద ఒకే ఒక మర. లోపల చిన్న కొక్కెం. కాళ్ల జతనూ ఛాతీనీ కలిపి లాగి పట్టే నల్ల రబ్బరు రింగు ఒకటి. ఆ రింగు సాగినంత కాలం వీరుడు కూర్చుంటాడు, లేస్తాడు, జీపెక్కుతాడు. హైదరాబాద్ మే నెల ఎండలు మూడు తగిలాక రబ్బరు గట్టిపడి పుటుక్కుమంటుంది. పైభాగం ఒక చేతిలో, కాళ్లు ఇంకో చేతిలో.

అప్పుడు మొదలయ్యేది అసలు ఆట. మర విప్పడానికి సన్న స్క్రూడ్రైవరు కావాలి, అది గడియారాలు బాగుచేసేవాడి దగ్గరుంటుంది. రింగుకు బదులు సైకిల్ వాల్‌ట్యూబు ముక్క, అది సైకిల్ దుకాణంలో దొరుకుతుంది. కొత్త రింగు కొంచెం బిగువైతే వీరుడు నిటారుగా నిలబడిపోతాడు, కొంచెం వదులైతే తాగినవాడిలా తూలుతాడు. విప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు వీరులు ఒకేసారి విడిపోయి ఉంటే, కలిపేటప్పుడు ఒకడి తల ఇంకొకడికి పెట్టి చూడాలనిపించని పిల్లవాడు ఎవడు? పోలీసు ఒంటికి దొంగ కాళ్లు, ఈతగాడి నడుముకు మంచుకొండ సైనికుడి ఛాతీ. 1978 నుంచి 1990 డిసెంబర్ దాకా మత కల్లోలాలతో పాతబస్తీ చూసిన కర్ఫ్యూల్లో చివరివాటప్పుడు, పతంగులు ఎగరెయ్యడానికి మిద్దె మీదికి కూడా పంపని రోజుల్లో, తలుపు గొళ్లెం పెట్టిన గదుల్లో పిల్లలు చేసింది ఈ శస్త్రచికిత్సలే. బయట నిజం తుపాకులు పట్టుకున్న జవాన్లు ఉండగా లోపల పిల్లలకు బొమ్మ తుపాకుల ఆట ఎలా ఆడబుద్ధేసిందని అడగొచ్చు. బహుశా వాళ్లు కిటికీలోంచి చూసినదాన్నే ఆడుకున్నారు. పిల్లల ఆటలో శాంతిని వెతకడం పెద్దల అలవాటు.

ఫన్‌స్కూల్ కూడా గోవాలో ఇదే పని చేసింది. అమెరికాలో వాడి పక్కన పెట్టిన అచ్చులు ఇక్కడికి వచ్చాయి. ఇక్కడ దొరికిన ప్లాస్టిక్, దొరికిన రంగు ఏదైతే అది. అమెరికాలో ముదురు ఆకుపచ్చ చొక్కా వేసుకున్నవాడికి ఇక్కడ పసుపు. ఒకరి తల, ఇంకొకరి ఒళ్లు కలిపి కొత్త పేరు. వీటన్నిటిలోకీ నాకు ముద్దొచ్చేది స్ట్రీట్ హాక్. అది అమెరికాలో 1985లో ఏబీసీ టీవీ వేసిన సీరియల్, నల్ల మోటార్ సైకిల్ మీద రాత్రిళ్లు దొంగల్ని పట్టే పోలీసు కథ. అక్కడ ఆదరణ లేక పదమూడు భాగాలకే ఆపేశారు. దూరదర్శన్‌లో వచ్చేసరికి మన పిల్లలు వెర్రెత్తిపోయారు. సైకిల్ చక్రపు పుల్లల మధ్య అట్టముక్క దూర్చి టపటప చప్పుడు చేసుకుంటూ ప్రతి గల్లీలోనూ ఒక స్ట్రీట్ హాక్ తయారయ్యాడు. ఫన్‌స్కూల్ ఆ పేరుతో ఒక బొమ్మను దించి నేరుగా జీఐ జో సైన్యంలో చేర్చేసింది. అమెరికా సైనిక బొమ్మల పటాలంలో అమెరికాయే మరిచిపోయిన టీవీ వీరుడు. చేర్చినవాళ్లు మన మద్రాసు టైర్ల కంపెనీ పిల్ల సంస్థవాళ్లు. దాన్ని మించిన దేశవాళీ బొమ్మ ఇంకోటి ఉందా?

1994లో హాస్‌బ్రో అమెరికాలో ఆ చిన్న సైజు జీఐ జో వరసను ఆపింది. ఫన్‌స్కూల్ ఆపలేదు. అచ్చులున్నాయి, ప్లాస్టిక్ ఉంది, పిల్లలున్నారు. పదేళ్ల వయసులో ఆ బొమ్మలతో ఆడి, పాతికేళ్లకు ఉద్యోగాలొచ్చిన అమెరికన్లు 1990ల చివర్లో వెతకడం మొదలుపెడితే, వాళ్ల చిన్ననాటి వీరులు గోవాలో ఇంకా పుడుతూనే ఉన్నారు, కాకపోతే వింత రంగుల్లో. ఇక్కడ బళ్ల దగ్గర దుకాణాల్లో అట్టకు వేలాడే సరుకును అక్కడివాళ్లు పెట్టెల లెక్కన తెప్పించుకున్నారు. మనవాళ్లు నాసిరకం అనుకున్న రంగు తేడాలు, పెయింటు జారిన కనుబొమలు అక్కడ అరుదైన వస్తువు లక్షణాలయ్యాయి. ప్రపంచంలో ఇవాళ ఆ బొమ్మలు సేకరించేవాళ్లకు ఫన్‌స్కూల్ అన్న పేరు చెబితే చాలు, వెంటనే రంగుల గురించి వాదన మొదలవుతుంది.

2001 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం దిగుమతుల మీద మిగిలి ఉన్న పరిమాణ ఆంక్షలన్నీ ఎత్తేసింది. తాళం తీసేశాక దొడ్డిదారులకు పనేముంది? చైనా బొమ్మలు బేగంబజార్‌ను ముంచెత్తాయి. ఆ తరవాతి సంగతులు అందరికీ తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. చిప్స్ ప్యాకెట్లో పోకెమాన్ బిళ్లలు, కార్టూన్ నెట్‌వర్క్ చూసి బేబ్లేడ్ బొంగరాలు, మనం లట్టు అని తిప్పిన దాన్నే ప్లాస్టిక్ బుట్టలో వేసి తిప్పడం. ఒక్కొక్కటి రెండేళ్లు వెలిగి ఆరిపోయింది. 2009 జనవరిలో చైనా బొమ్మల మీద కొన్ని నెలలు నిషేధం పెట్టారు. 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 శాతమైంది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదు.

ఈ చివరి నియమంలో ఒక మినహాయింపు ఉంది. నమోదైన హస్తకళాకారుల సరుకుకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ ఐఎస్‌ఐ గుర్తు అక్కర్లేదు. కాబట్టి నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బయటపడ్డాయి, మంచిదే. కొయ్యబొమ్మకు చట్టం నీడ దొరికింది. సీసపు సైనికుడికి మ్యూజియం నీడ ముందే ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఏ కళావస్తువైనా పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలి. సాలార్‌జంగ్ సైనికులు చాలావరకు ఆ గీత దాటేసే ఉంటారు, లేదా దాటబోతున్నారు. 1988లో గోవాలో పుట్టినవాడికి 2088 దాకా ఆగాలి, అదీ ఫ్యాక్టరీ సరుకును ఎవరైనా కళ అని ఒప్పుకుంటేనే. అటు హస్తకళ కాక, ఇటు ప్రాచీనత లేక, రెంటికీ చెడ్డ రేవడి బతుకు ఈ ప్లాస్టిక్ తరానిది. మూడు నాలుగు కోట్ల రూపాయలు పోసి బొమ్మల మ్యూజియం కట్టమని నేనేమీ అడగడం లేదు. సాలార్‌జంగ్ పిల్లల విభాగంలోనే ఒక్క అర, ఒక లియో హీ-మ్యాన్, ఒక ఫన్‌స్కూల్ సైనికుడు, ఒక బేగంబజార్ నకలు, పక్కన వాల్‌ట్యూబు ముక్క. ఈ ఊరి పిల్లలు గత నలభై ఏళ్లలో దేనితో ఆడారో అందులో కనిపిస్తుంది.

అప్పటిదాకా వెతుక్కునేవాళ్లకు పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజారు ఉంది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన నీడన సాగే పాత సామాన్ల సంత. పాత మిక్సీ జార్లు, విరిగిన తాళాలు, జత తప్పిన చెప్పుల మధ్య గోనె మీద పోసిన ప్లాస్టిక్ కుప్పల్లో చెయ్యి పెట్టి కలియబెట్టాలి. ఎక్కువసార్లు దొరికేది ఒక చెయ్యో, తలో. మొత్తం వీరుడు దొరికితే, అమ్మేవాడికి దాని విలువ తెలియదనుకుని మీరు మొహం మామూలుగా పెట్టుకున్నా లాభం లేదు. ఈ పదేళ్లలో వాళ్లూ సెల్‌ఫోన్లో ధరలు చూడడం నేర్చారు.

కొన్నవాళ్లూ, సొంత ఇంటి అటక మీంచి దించినవాళ్లూ కొన్ని జాగ్రత్తలు గుర్తు పెట్టుకోండి. మెత్తటి తల, బూట్లు లాంటి భాగాలు పీవీసీతో చేసినవైతే ఏళ్లు గడిచేకొద్దీ వాటిలోని నూనె పదార్థం పైకి తేలి జిగురుగా తగులుతుంది. గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు, స్పిరిట్ పెడితే రంగు ఊడిపోతుంది. స్టిక్కరుంటే నీళ్లు తగలనివ్వకండి. గాలాడని డబ్బాలో నాలుగైదు బొమ్మల్ని కలిపి కుక్కితే ఒకదాని జిగురు ఇంకొకదానికి అంటుకుంటుంది, విడివిడిగా కాగితంలో చుట్టండి. ఎండ తగిలే కిటికీలో పెడితే తెల్ల భాగాలు పసుపెక్కుతాయి. జీఐ జో అయితే బలవంతంగా నడుము వంచవద్దు, లోపలి రింగు పాతది, ఆ అదురుకు తెగుతుంది. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతో వీపు మర విప్పి, పాత రింగు తీసేసి, అదే కొలత కొత్త రింగు వేయండి. కొలత కోసం పాతది పారెయ్యకుండా దగ్గర పెట్టుకోండి. తెగినా పర్లేదు, దాని మందం తెలుస్తుంది.